క్రిప్టో బాట్ ఎంచుకునే ముందు అమ్మకాలు లెక్కపెట్టండి

రొయ్యల పట్టుబడి అయ్యి, డబ్బు ఖాతాలో పడి, మళ్లీ చెరువు ఎండగట్టి సీడ్ వదిలేదాకా కొన్ని వారాలు ఆ సొమ్ము ఊరికే ఉంటుంది. దాళ్వా ధాన్యం డబ్బూ అంతే, కొబ్బరి డబ్బూ అంతే. భీమవరంలోనో అమలాపురంలోనో అందులో కొంత క్రిప్టోలో తిప్పుదామనుకున్నవాళ్లకి మొదట వినపడే సలహా, "బాట్ పెట్టేయండి, మీరు నిద్రపోయినా అదే చూసుకుంటుంది" అని. బాట్ అంటే మీరు పెట్టిన సెట్టింగ్ ప్రకారం తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాం. ఆ సలహాలో సగం నిజముంది. బాట్ నిద్రపోదు, కంగారుపడదు, రేటు పడిందని చెయ్యి వణికి అమ్మేయదు. అయితే తప్పు రకం పెట్టుకుంటే అదే బాట్ మీ పెట్టుబడిని కొంచెం కొంచెంగా పన్నుకీ ఫీజుకీ కట్టబెడుతుంది, లేదంటే పడిపోతున్న కాయిన్‌ని అడుగంటేదాకా కొంటూ పోతుంది.

ముందు తేల్చుకోవలసినవి రెండు. మీ చేత తప్పులు చేయిస్తున్నది ఏది: భయమా, ఆత్రమా, పోయింది వెంటనే రాబట్టాలన్న కసా? రెండోది, మీరు పెట్టబోయే బాట్ నెలకి ఎన్నిసార్లు అమ్ముతుంది? విదేశీ వీడియోలు చూసి బాట్ ఎంచుకునేవాళ్లు ఈ రెండో ప్రశ్న దగ్గరే దెబ్బతింటారు. ఆ వీడియోల్లో మన పన్ను లెక్క ఉండదు.

అమ్మినప్పుడల్లా పడే కోత

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. ఆదాయపు శ్లాబులతో దీనికి సంబంధం లేదు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయడానికి వీల్లేదు. ఒక అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఇంకో అమ్మకం లాభంలోంచి తగ్గించుకోవడానికీ లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు.

బాట్ పెట్టేవాళ్లు ఈ చివరి మాట రెండుసార్లు చదవాలి. ఒక బాట్ ఏడాదిలో లాభం అమ్మకాల మీద 30,000 రూపాయలు తెచ్చి, నష్టం అమ్మకాల మీద 25,000 పోగొట్టిందనుకోండి. స్క్రీన్ మీద 5,000 లాభం పచ్చగా కనిపిస్తుంది. పన్ను మాత్రం 30,000 మీద, అంటే 9,360. లాభం చూపించిన బాట్ మీకు నికరంగా 4,360 నష్టం మిగిల్చింది. వంద చిన్న లావాదేవీల్లో అరవై గెలిచే బాట్ వేరేచోట మంచి బాటే కావచ్చు, ఇక్కడ కాదు.

దీనికి తోడు 2022 జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా కోసుకునే పన్ను. అది పడేది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం విలువ మీద. నష్టానికి అమ్మినా పడుతుంది. రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది, కాబట్టి అది పోయిన డబ్బు కాదు. కానీ అప్పటిదాకా తిప్పుకోవడానికి చేతిలో ఉండదు. లక్ష రూపాయలు పూర్తిగా 50 సార్లు తిరిగితే, ఫీజూ లాభనష్టాలూ పక్కన పెట్టినా, తిరగడానికి మిగిలేది సుమారు 60,500. మిగతాది పన్ను శాఖ దగ్గర మీ పేరున ఇరుక్కుని ఉంటుంది.

యూఎస్‌డీటీ జతల్లో, అంటే రూపాయలకి బదులు డాలరు విలువకి కట్టిన ఆ కాయిన్ ఇచ్చి కొనే పద్ధతిలో, నడిచే బాట్ అయితే ఇంకో మెలిక ఉంది. యూఎస్‌డీటీ ఇచ్చి బిట్‌కాయిన్ కొంటే, చట్టం దృష్టిలో మీరు యూఎస్‌డీటీని అమ్మినట్టే. అంటే కొన్నప్పుడూ కోతే, అమ్మినప్పుడూ కోతే. మన దేశంలో బాట్ పెడితే రూపాయి జతలోనే పెట్టండి.

గ్రిడ్ బాట్: అందరూ మొదట చూపించేది

ఒక కాయిన్ 100 రూపాయల దగ్గర ఉంది. 80 నుంచి 120 దాకా రెండేసి రూపాయల దూరంలో 20 గళ్లు గీస్తారు. ధర ఒక గడి దిగితే బాట్ కొంటుంది, ఒక గడి ఎక్కితే అమ్ముతుంది. గడికి 5,000 చొప్పున లక్ష కావాలి, మొదట్లో సగం కాయిన్‌గా, సగం రూపాయలుగా. ధర ఒకే పట్టున అటూ ఇటూ ఊగే రోజుల్లో ఇది చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఒక గడిని విప్పి చూద్దాం. ఎక్స్ఛేంజ్, అంటే కాయిన్లు కొని అమ్మే వేదిక, తీసుకునే ఫీజు ఒక్కో వైపు 0.2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్‌టీ అనుకుంటే 0.236 శాతం. గడి దూరం 1 శాతం పెట్టారు. 5,000కి కొని 5,050కి అమ్మింది. 50 లాభం. ఫీజు రెండు వైపులా కలిపి సుమారు 24. పన్ను 15 రూపాయల 60 పైసలు. చివరికి మిగిలేది 10 రూపాయల పైచిలుకు. టీడీఎస్ 50 రూపాయల 50 పైసలు అప్పటికప్పుడే కోసేస్తారు కాబట్టి, లాభానికి అమ్మిన తర్వాత కూడా ఖాతాలో మునుపటికంటే 24 రూపాయలు తక్కువే ఉంటాయి. గెలిచినప్పుడల్లా నిల్వ తరుగుతుంది. చాలామంది "బాట్ పాడైంది" అనుకునేది ఈ తరుగుదలనే. బాట్ సరిగ్గానే ఉంది, గడి చిన్నదైంది.

గడి 2 శాతం పెడితే 100 లాభంలో సుమారు 45 మిగులుతుంది. 3 శాతం పెడితే 150లో 79. ఈ ఫీజు లెక్కన సుమారు ఒకటిన్నర శాతం కంటే తక్కువ గడి పెట్టడమంటే తెలిసి తెలిసి పెట్టుబడిని ఇరికించుకోవడమే. మా మాట: 3 శాతానికి దిగువ వద్దు. అమ్మకాలు తక్కువ పడతాయి, పడనివ్వండి. గళ్లు రూపాయల్లో సమాన దూరంలో కాకుండా శాతంలో సమాన దూరంలో ఉండేలా సెట్టింగ్ ఎంచుకోండి, అప్పుడు కింది గడిలోనూ పై గడిలోనూ లాభం ఒకే శాతం ఉంటుంది.

గ్రిడ్‌కి అసలు ప్రమాదం ధర హద్దు దాటి కిందికి జారినప్పుడు. అప్పటికి బాట్ చేతిలో రూపాయి ఉండదు, అన్నీ కాయిన్లే. 2022 మేలో లూనా అనే కాయిన్ వారం తిరగకుండానే 80 డాలర్ల దగ్గర నుంచి ఒక సెంటు లోపుకి కూలింది. దానిమీద గ్రిడ్ పెట్టిన బాట్ చెప్పినట్టే చేసింది: దిగిన ప్రతి గడిలోనూ కొంది. అందుకే గ్రిడ్‌ని బిట్‌కాయిన్, ఈథర్ లాంటి వాటి మీద తప్ప చిన్న కాయిన్ల మీద పెట్టకండి, హద్దు కింద స్టాప్ లాస్ (ధర అక్కడికి పడగానే అమ్మేసే ఆర్డరు) లేకుండా అసలే వద్దు. ధర పై హద్దు దాటిపోతే నష్టం లేదు గానీ, మొత్తం అమ్ముడైపోయి మీరు పెరుగుదల బయట కూర్చుంటారు. అప్పుడు ఆత్రపడి ఎత్తున కొత్త గ్రిడ్ గీయడం, ఈ రకంలో జనం ఎక్కువగా చేసే తప్పు.

డీసీఏ పేరుతో వచ్చే రెండు వేర్వేరు సరుకులు

డీసీఏ అంటే ఒకేసారి కాకుండా విడతలుగా కొని ధర సగటు చేసుకోవడం. పేరొకటే, సరుకు వేరు. మొదటిది మామూలు సిప్ లాంటిది: వారానికి వెయ్యి, ధర ఎంతున్నా కొనడమే. రెండోది, పడినకొద్దీ రెట్టింపు కొని సగటు ధర దించి, కాస్త లేవగానే అమ్మేది. రెండోదాన్ని మార్టింగేల్ అంటారు, చాలా యాప్‌లు దానికీ డీసీఏ అనే పేరు పెడతాయి.

మార్టింగేల్ సెట్టింగ్‌లో మొదటి ఆర్డరు 1,000 అని కనిపిస్తుంది. దానికింద ఆరు రక్షణ ఆర్డర్లు, ఒక్కోటి ముందుదానికి రెట్టింపు: 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. అన్నీ కలిపితే 64,000. వెయ్యి అనుకుని మొదలెట్టిన మనిషి 64,000 సిద్ధంగా ఉంచుకోవాలి, అందులో సగం ఆఖరి ఆర్డరే. ఆర్డర్ల మధ్య 2.5 శాతం దూరముంటే, ధర 15 శాతం పడేసరికి మొత్తం అయిపోతుంది. బిట్‌కాయిన్ 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్ల నుంచి 2022 నవంబరులో 16,000 కిందికి దిగింది, అంటే 75 శాతానికి పైనే. పదిహేను దగ్గరే తూటాలు అయిపోయిన బాట్ మిగతా దారంతా చేతులు కట్టుకుని చూస్తుంది. పోయింది రాబట్టాలన్న కసి ఉన్నవాళ్లకి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే అది ఆ కసినే యంత్రంలో పెట్టి నడుపుతుంది.

సిప్ దీనికి పూర్తిగా వేరు. అమ్మకమే లేదు కాబట్టి టీడీఎస్ లేదు, అమ్మేదాకా పన్నూ లేదు. పడితే భయపడేవాళ్లకీ, పెరిగితే పరిగెత్తేవాళ్లకీ ఇదే మందు. చూసుకోవలసింది ఒక్కటి: ఒక్క నొక్కుతో కొనే బటన్ దగ్గర ఫీజు లేదని చెప్పి ధరలో తేడా కలుపుతారు. ఒకే నిమిషంలో కొనే రేటూ అమ్మే రేటూ రాసుకోండి. 100.80కి ఇచ్చి 99.20కి తీసుకుంటుంటే తేడా 1.6 శాతం. అలాంటప్పుడు ఆర్డర్ బుక్‌లో లిమిట్ ఆర్డరు, అంటే ఈ ధరకే అని మీరే చెప్పే ఆర్డరు, పెట్టడం చవక. సిప్‌కి ఉన్న లోటు, ఎప్పుడు బయటపడాలో అది చెప్పదు.

ఎక్కువమందికి సరిపోయేది: నిష్పత్తి సర్దే బాట్

దీన్ని ఎవరూ గట్టిగా ప్రచారం చేయరు, తరచూ అమ్మదు కాబట్టి ఫీజు తక్కువ రాలుతుంది. లక్షలో 60,000 బిట్‌కాయిన్, 40,000 రూపాయలు. బిట్‌కాయిన్ వాటా 70 శాతం దాటితే కొంత అమ్మి 60కి తేవాలి, 50 లోపుకి పడితే కొంత కొని 60కి తేవాలి. మధ్యలో ఏమీ చేయకూడదు.

బిట్‌కాయిన్ 60 శాతం పెరిగిందనుకోండి. 60,000 కాస్తా 96,000 అవుతుంది, మొత్తం 1,36,000, వాటా 70.6 శాతం. 60కి తేవాలంటే 14,400 విలువ అమ్మాలి. దాని కొన్న ధర 9,000, లాభం 5,400, పన్ను సుమారు 1,685, అందులో 144 టీడీఎస్‌గా ముందే వెళ్లిపోతుంది. ఇంత పెద్ద పెరుగుదలకి ఒకే ఒక్క అమ్మకం. లాభం చేతికి వచ్చింది, సింహభాగం కాయిన్ అలాగే ఉంది. పెరిగినప్పుడు అమ్మబుద్ధి కానివాళ్లకీ, పడినప్పుడు కొనడానికి చెయ్యి రానివాళ్లకీ రెండు జబ్బులకీ పనిచేస్తుంది. మీ యాప్‌లో ఈ సౌకర్యం లేకపోతే నెలకోసారి కాలిక్యులేటర్‌తో మీరే చేయొచ్చు, పది నిమిషాల పని.

అసలు బాటే వద్దనుకుంటే, కొన్నరోజునే అమ్మకపు లిమిట్ ఆర్డర్లు పెట్టేయండి: మూడోవంతు 30 శాతం పైన, ఇంకో మూడోవంతు 60 శాతం పైన, మిగతాది అలా ఉంచేయండి. ఆర్డర్లకి గడువు ఉందేమో మాత్రం చూసుకోండి. కొన్నిచోట్ల కొన్నాళ్లకి వాటంతట అవే రద్దవుతాయి.

దూరంగా ఉండదగ్గవి

ఫ్యూచర్స్ బాట్‌లు: ఇవి ధర ఎటు పోతుందన్నదాని మీద పందెం లాంటి ఒప్పందాలతో నడుస్తాయి. కాయిన్ చేతులు మారదు, టీడీఎస్ పడదు అని చెప్పి అమ్ముతారు. పది రెట్ల లెవరేజీలో, అంటే మీ డబ్బుకి పది రెట్ల మొత్తంతో ఆడితే, ధర 10 శాతం ఎదురు తిరిగే లోపే మార్జిన్‌గా పెట్టిన మీ డబ్బు మొత్తం పోతుంది. క్రిప్టోలో 10 శాతం ఒక్క రాత్రి పని. దీని పన్ను సంగతి కూడా చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడక్కుండా నమ్మకండి.

కాపీ ట్రేడింగ్: ఎవరో చేసినట్టే మీ ఖాతాలోనూ జరుగుతుంది. వాళ్లు విదేశంలో రోజుకి ఇరవై సార్లు తిప్పితే వాళ్లకి సరిపోతుంది, మీకు పైన చెప్పిన కోతలన్నీ పడతాయి.

రోజుకి 1 శాతం ఖాయం అనే బాట్: రోజుకి 1 శాతం చక్రవడ్డీతో ఏడాదికి లక్ష కాస్తా 37 లక్షలు దాటుతుంది. బిట్‌కనెక్ట్ ఇలాగే ట్రేడింగ్ బాట్ పేరు చెప్పి డబ్బు దండి 2018 జనవరిలో మూతపడింది. వాట్సాప్, టెలిగ్రాం గ్రూపుల్లో ఇప్పటికీ అదే మాట కొత్త పేర్లతో తిరుగుతోంది. మొదట్లో రెండు మూడువేలు వెనక్కి తీసుకోనిస్తారు, ఆ నమ్మకంతోనే పెద్ద మొత్తం వేయిస్తారు. డబ్బు వేసేసినవాళ్లు సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో అయితే బ్యాంకులో సొమ్ము ఆపే అవకాశం ఎక్కువ.

సొంత కోడ్ రాసుకునే కుర్రాళ్లకి

ఫ్రీక్‌ట్రేడ్ లాంటి ఉచిత పైథాన్ సాఫ్ట్‌వేర్ ఉంది. డబ్బు లేకుండా ఉత్తుత్తిగా నడిపి చూసే పద్ధతి అందులోనే ఉంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నడపకండి. తుపాను వచ్చి స్తంభాలు పడితే లంక ఊళ్లలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నెల అద్దెకి దొరికే వీపీఎస్ (ఎప్పుడూ నడిచే దూరపు కంప్యూటర్) మీద పెట్టండి, స్టాప్ లాస్‌ని మీ కోడ్‌లో కాక ఎక్స్ఛేంజ్‌లోనే ఆర్డరుగా పెట్టండి. అప్పుడు బాట్ ఆగినా స్టాప్ నిలబడుతుంది. ఆర్డర్లన్నీ టైమ్‌స్టాంప్ తప్పు అని తిరిగొస్తుంటే సర్వర్ గడియారం కొన్ని సెకన్లు తప్పిందని అర్థం, సమయాన్ని నెట్‌తో కలపండి. రీస్టార్ట్ అయ్యాక పాత ఆర్డర్లు చూసుకోకుండా మళ్లీ కొనే కోడ్ వల్ల రెట్టింపు కొనుగోళ్లు జరుగుతాయి. పాత ధరల మీద పరీక్షించేటప్పుడు ఫీజూ టీడీఎస్సూ కలపండి. ఒక ఏడాది ధరలతో సెట్టింగ్ కుదిర్చి, వేరే ఏడాది ధరల మీద నడిపి చూడండి. అక్కడ నష్టం వస్తే ఆ సెట్టింగ్ మొదటి ఏడాదిని బట్టీ పట్టిందన్నమాట.

బయటి బాట్ ఏదైనా ఏపీఐ కీ, అంటే మీ ఎక్స్ఛేంజ్ ఖాతాని నడపనిచ్చే రహస్య సంకేతం, అడుగుతుంది. చదవడానికి, ట్రేడ్ చేయడానికి అనుమతి ఇవ్వండి, విత్‌డ్రా అనుమతి ఎప్పుడూ ఇవ్వకండి. ఆ బాట్ సర్వర్ ఐపీ (నెట్ చిరునామా) నుంచి తప్ప కీ పనిచేయకుండా కట్టడి చేయండి. 2022 డిసెంబరులో త్రీకామాస్ అనే బాట్ సంస్థ వాడుకరుల కీలు బయటపడ్డాయి. విత్‌డ్రా లేకపోయినా దొంగ ఊరూపేరూ లేని కాయిన్‌ని మీ ఖాతాతో ఎక్కువ ధరకి కొనిపించి ఖాళీ చేయగలడు, అందుకే ఐపీ కట్టడి. బాట్ ఆపిన రోజే కీ కూడా తొలగించండి.

ఎక్స్ఛేంజ్ ఎఫ్ఐయూలో (అనుమానాస్పద లావాదేవీలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగంలో) నమోదైనదేనా చూడండి. నమోదైనంత మాత్రాన సొమ్ము భద్రమని కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దోచుకున్నాక వాడుకరులు నెలల తరబడి తమ డబ్బు తీసుకోలేకపోయారు. తిరిగే మొత్తాన్నే అక్కడ ఉంచండి.

బాట్ పెట్టాక మనసు ఎక్కడికి వెళ్తుంది

అమ్మే బటన్ మీద నుంచి వేలు సెట్టింగ్స్ బటన్ మీదికి వెళ్తుంది. ధర పడుతుంటే గ్రిడ్ హద్దు కిందికి జరపడం, ఇంకొంత డబ్బు కలపడం, రాత్రి రెండింటికి బాట్ ఆపేయడం: ఇవన్నీ పాత భయమే, వేషం మారింది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అవి వరద రాకముందే రాసిపెట్టిన అంకెలు. నీళ్లు లంకలోకి వస్తుండగా ఎన్ని అడుగులకి హెచ్చరిద్దామని కూర్చుని మాట్లాడుకోరు. బాట్‌కీ అలా మూడు అంకెలు మొదలుపెట్టిన రోజే కాగితం మీద రాయండి. పెట్టుబడి 10 శాతం తగ్గితే కొత్తగా డబ్బు కలపకూడదు. 20 తగ్గితే బాట్ ఆపి కారణం చూడాలి. 30 తగ్గితే అమ్మి బయటికి రావాలి. సెట్టింగ్ మార్చాలనిపిస్తే ఏం మార్చాలో, ఎందుకో రాసి, 24 గంటల తర్వాత మార్చండి. ప్రతి లావాదేవీకీ వచ్చే నోటిఫికేషన్ తీసేయండి. వారానికోసారి, ఆదివారం పొద్దున్న, చాలు.

లాభం వచ్చిన నెలలో దానిలో 31.2 శాతం వేరే బ్యాంకు ఖాతాకి పంపేయండి, అది మీది కాదు. టీడీఎస్ పోను ఏడాది పన్ను 10,000 దాటేట్టుంటే జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లో ముందస్తు పన్ను కట్టాలి. లావాదేవీల ఫైలు నెలనెలా దించుకుని దాచండి. మార్చి తర్వాత మూడువేల వరసలు ఒక్కసారి సర్దడం ఎవరి వల్లా కాదు. సొమ్ము తీసుకునేటప్పుడు ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా మీ బ్యాంకుకే తీసుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్లకి యూఎస్‌డీటీ అమ్మితే, అవతలి డబ్బు ఏదైనా మోసంలోదైనప్పుడు మీ ఖాతా స్తంభిస్తుంది. సరిగ్గా మేత డీలరుకి కట్టాల్సిన వారంలో అలా జరిగితే చెరువుకే ముప్పు.

మొదటి నెల 10,000కి మించకుండా నడిపి, 30వ రోజున మూడు అంకెలు పక్కపక్కన రాయండి. ఒకటి, పన్ను తీసేసి, టీడీఎస్ కలిపి బాట్ మిగిల్చింది. రెండు, మొదటి రోజే అదే కాయిన్ కొని కదపకుండా ఉంచితే ఉండేది. మూడు, అదే డబ్బుతో అప్పు తీర్చి ఉంటే మిగిలే వడ్డీ. మేత ఖాతాలో లక్ష బాకీ నూటికి రెండు రూపాయల వడ్డీకి నడుస్తుంటే నెలకి 2,000. ఆ 2,000 మీకు మిగలాలంటే, పైన చెప్పిన 3 శాతం గళ్ల గ్రిడ్ 5,000 చొప్పున నెలకి 26 అమ్మకాలు చేయాలి, అన్నీ లాభానికే. బాకీ ఉన్నవాళ్లు ముందు అది కట్టేయండి.